సబ్బవరం కాలువలో కొరియా దొప్ప

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా ఖమ్మంలో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ అవే మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. బీచ్ చూశావా, కైలాసగిరి ఎక్కావా, అరకు దాకా పోయి వచ్చావా అని. బీచ్ చూశాను, అది కూడా సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, ఒకాయనతో వాదిస్తూ. కొండ ఎక్కలేదు. అరకు వైపు కన్నెత్తి చూడలేదు. మరి నాలుగు రోజులు ఏం చేశావమ్మా అంటే, సబ్బవరం దగ్గర ఒక పొలంలో కాలువ గట్టున కూర్చుని కాకరకాయ రసం తాగానని చెప్తున్నాను. దాంతో వాళ్ళు నా షుగర్ గురించి అడగడం మొదలుపెడుతున్నారు. మొత్తం ఒకసారి రాసేస్తే ఈ బాధ తప్పుతుందని కూర్చున్నాను.

పిలుపు

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న పత్రికలో, పాతకాలపు కొరియా కవుల స్నేహాల మీద వ్యాసం రాశాను. కొరియా నేను చూడలేదు, ఆ భాష రాదు. ఇంగ్లీషులోకి వచ్చినవి చదివి ముచ్చటపడి రాసిందే. అక్కడ ఒక కవి పద్యం పంపితే, మిత్రుడు అవే ప్రాసపదాలతో జవాబు పద్యం కట్టి పంపేవాడు. స్నేహితుడి పద్యంలో బాగున్న పంక్తి పక్కన ఎర్ర చుక్క పెట్టేవాడు. బాగులేని పంక్తి పక్కన ఏమీ పెట్టేవాడు కాదు, ఆ ఖాళీయే విమర్శ. కవి పోయాక అతని పద్యాల్లో ఏవి ఉంచాలో, ఏవి పారెయ్యాలో ఏరే పని చాలాసార్లు స్నేహితుల మీద పడేది. ఇంకో వేడుక కూడా ఉండేది. వంకరలు తిరిగిన కాలువలో మద్యం గిన్నె వదిలేవారు. అది తేలుతూ తన ముందుకు వచ్చేలోపు కవి పద్యం పూర్తి చెయ్యాలి, లేకపోతే జరిమానాగా తాగాలి. వాళ్ళ పాత రాజధానుల్లో ఒకచోట అలాంటి రాతి కాలువ, చిప్ప ఆకారంలో చెక్కినది, ఇప్పటికీ ఉందని చదివి ఆ బొమ్మ కూడా వ్యాసంలో వేయించాను.

మా ఖమ్మంలో ఆ వ్యాసాన్ని ఎవరూ చదివిన దాఖలా లేదు. విశాఖలో ఇద్దరు చదివారు. చదివి ఊరుకోకుండా ఆచరణలో పెట్టారు.

ఒకరు నూకరాజు. జాలరిపేటలో పుట్టి, ఇప్పటికీ బోటు మీద వేటకు వెళ్ళే మనిషి. రెండోవారు సన్యాసినాయుడు. సబ్బవరం దగ్గర రైతు కుటుంబం, ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు, కాపురం పెందుర్తిలో. ఇద్దరూ కవులే. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికమేమీ లేదు, ఆ ఊళ్ళో మగవాళ్ళ స్నేహానికి అది మామూలు పిలుపు. వీళ్ళు పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఒకరి కవితలు రెండోవారే ఏరాలి. అదీ పోయాక కాదు, బతికుండగానే. మొదటిసారి నాయుడు ఇంట్లో ఎర్ర పెన్ను దొరక్కపోతే, అతని భార్య వరలక్ష్మి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి ఇచ్చిందట. అప్పటినుంచి చుక్క కాస్తా బొట్టయింది. బొట్టు పడని కవిత పుస్తకంలోకి పోదు. నాయుడు పుస్తకాలు ఇప్పటికి రెండు వచ్చాయి. రెండూ నూకరాజు చేతిలో పడి బాగా బక్కచిక్కి వచ్చాయి.

ఇప్పుడు నూకరాజు మొదటి పుస్తకం వంతు. నాయుడు రిటైరయ్యే రోజున అది అతని చేతిలో పెట్టాలని నూకరాజు కోరిక. ఆ రోజు దగ్గరపడింది. ప్రెస్సతను పేజీలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఒక్క కవిత దగ్గర బండి ఆగిపోయింది. ఆ కవిత పేరు 'మా బావ'. నాయుడి మీద రాసిందే. నాయుడు దానికి బొట్టు పెట్టనన్నాడు. అది లేకపోతే పుస్తకమే వద్దన్నాడు నూకరాజు. ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్ చేసి, ఈ పద్ధతి మీ వ్యాసంలోంచే వచ్చింది కాబట్టి మీరే వచ్చి తేల్చాలన్నారు.

తీర్పు చెప్పమని పిలిస్తే ఎగిరి గంతేసే బలహీనత పాఠాలు చెప్పిన వాళ్ళందరికీ ఉంటుంది. రైలెక్కి పడుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఎటు చెప్పినా ఇద్దరిలో ఒకరికి నేను చేదవుతానని.

హార్బరు, ఆ తర్వాత పులుసు

స్టేషన్‌కి నూకరాజు వచ్చాడు. ఫోన్‌లో సన్నటి గొంతు విని బక్కమనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెలుతురు ఆగిపోయేంత మనిషి. "అప్పా, వొచ్చీసినావా" అంటూ నా సంచి అందుకున్నాడు. అక్కని వాళ్ళు అప్ప అంటారు. పొద్దున్నే ఆ పిలుపు వినగానే ప్రయాణపు అలసట సగం పోయింది.

ఇంటికి పోయేముందు చేప కొనాలని ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్ళాడు. మా ఊళ్ళో చేపలు నీళ్ళ తొట్టెల్లో ఈదుతూ ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే తూచి, కోసి ఇస్తారు. ఇక్కడ బోటు దిగిన చేప గట్టు మీద గుట్టలు పోసి ఉంది. ఆడవాళ్ళు దాని చుట్టూ కూర్చుని బేరాలాడుతుంటే ఆ జోరు ముందు మా రైతుబజారు గుళ్ళో భజనలా అనిపించింది. నేనొక కోనాం చేపను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏటమ్మా, పెళ్ళిసూపులకొచ్చినట్టు అలగ సూత్తావు? నచ్చితే తీసుకో, నేకపోతే ఆ పిల్లని ఒగ్గీ" అంది. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆరొందలు చెప్పింది. నేను నాలుగొందలకి అడిగాను. నూకరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాళ్ళ పేట మనిషి దగ్గర వాళ్ళ చుట్టం బేరమాడితే అతనికి తలవంపులట. నాకు ఆ సంగతి ఇంటికొచ్చాక చెప్పాడు. అప్పటికే ఐదొందలకి తెగ్గొట్టి ఉన్నాను కాబట్టి పెద్దగా బాధపడలేదు.

అతని ఇల్లాలు ఆ చేపని పులుసు పెట్టింది. మా వైపు పులుసు చిక్కగా, చెంచా నిలబడేలా ఉంటుంది. ఇక్కడ పల్చగా, అన్నం మొత్తాన్ని చుట్టేసుకునేలా ఉంది. నేను మూడోసారి వడ్డించుకుంటుంటే ఆవిడ గిన్నె మెల్లగా వెనక్కి జరిపింది. రేపటికి ఇంకా బాగుంటుంది, రేపటికి కాస్త ఉంచుకోండి అంది. ఈ ఒక్క విషయంలో రెండు ఊళ్ళూ ఒకటే.

తిన్నాక నూకరాజు కవితలు చదివాడు. ఆ గొంతు అంత సన్నగా ఎందుకుందో అప్పుడర్థమైంది, అరిచి చెప్పాల్సినవన్నీ వేటలో అరిచేసి, కవితల్ని మాత్రం పక్కనున్న మనిషికి చెప్పినట్టు చెప్తాడు. నడిసముద్రంలో సముద్రం కనపడదు, పడవ అంచే కనపడుతుంది అని ఒకచోట రాశాడు. నేను ఆ పంక్తి మళ్ళీ చదివించుకున్నాను. దాని పక్కన కుంకుమ బొట్టు ఉంది.

ఆ బొట్టు వెనకాల ఉన్న కథ చెప్పాడు. మొదట్లో అతను సముద్రం మీద రాసినవన్నీ వెండి కెరటాలు, సంధ్యారాగాలు. ఒక సాహిత్య సభలో అవి విన్న నాయుడు, అప్పటికి ముక్కూ మొహం తెలియని మనిషి, దగ్గరికొచ్చి ఒకటే మాటన్నాడట. నీ కవితలో సముద్రం గట్టు మీద నుంచి చూసినట్టుంది అని. "తాతల కాడ్నుంచి ఏటకెళ్ళే ఇంటోడ్ని పట్టుకుని ఆ మాటన్నాడప్పా. కొట్టీద్దునా అనుకున్నాను. ఇంటికొచ్చి సూసుకుంటే నిజమే. గట్టు మీద కూకునోళ్ళు రాసినవి సదివీసి, నాను కూడా గట్టు మీద కూకుని రాసీసినాను." మరుసటి వారం నాయుడు ఇల్లు వెతుక్కుంటూ పెందుర్తి వెళ్ళి, నీ ఉక్కు కవితలు చూపించు, నా వంతు కూడా తీర్చుకోవాలన్నాడట. నాయుడు కవితల నిండా నిప్పులూ పిడికిళ్ళూ ఉన్నాయి. నువ్వు కూర్చునేది పైన క్రేన్‌లో కదా, అక్కణ్ణుంచి కింద మనుషులు ఎలా కనపడతారో ఒక్క ముక్కైనా రాశావా అని నూకరాజు అడిగాడు. వాళ్ళ స్నేహం అలా మొదలైంది.

ఆఖరున 'మా బావ' తీశాడు. చదవలేదు, కాగితం నా చేతికిచ్చి వాకిట్లోకి పోయాడు.

మా బావ మనసు వెన్నపూస, మా బావ మాట తేనెపట్టు, మా బావ నీడ వేపచెట్టు. పేజీ పొడుగునా అంతే. పడవ అంచుని చూసిన కన్ను ఈ పేజీలో ఎక్కడా లేదు. అతను లోపలికొచ్చి నా మొహం వైపు చూడకుండా, వల సర్దుతూ అన్నాడు. "పుస్తకంలో సముద్రముంది, వలలున్నాయి, మాయమ్మున్నాది. ఆడొక్కడు నేకపోతే ఎలగప్పా?"

నేను రేపు నాయుణ్ణి కూడా కలిశాక చెప్తానన్నాను. న్యాయమూర్తులకి ఉన్న గొప్ప సౌకర్యం వాయిదా.

సముద్రానికి వీపు పెట్టి

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి నాయుడు బీచ్ రోడ్డుకి వచ్చాడు. సన్నగా, పొడుగు చేతుల చొక్కా, జేబులో నీటుగా మడిచిన రుమాలు. మాట బయటికొచ్చే ముందు దాన్ని ఒకసారి తూచుకునే మనిషి. నాకు మురీ మిక్చర్ కొనిపెట్టాడు. మేం బొరుగులనే వాటిని ఇక్కడ మురీలంటారు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం వేసి, కాగితం పొట్లంలో గిలక్కొట్టి ఇచ్చాడు బండివాడు. ముప్పై రూపాయలు. ఎదురుగా ఓడలు వరసగా నిలబడి రేవులోకి పిలుపు కోసం చూస్తున్నాయి. నాయుడు వాటివైపు చూస్తే మాట్లాడలేనంటే, ఇద్దరం రోడ్డు వైపు తిరిగి గోడ మీద కూర్చున్నాం.

పొగిడితే సిగ్గుపడి బొట్టు పెట్టలేదేమో అని నేను మెల్లగా కదిపాను. కొరియా పాత కవులు ఒకరినొకరు కొండలతో, కొంగలతో, చంద్రుడితో పోల్చుకుని పొగుడుకున్న సందర్భాలు బోలెడు ఉన్నాయని, అందులో తప్పేమీ లేదని చెప్పాను. వాదన నాకే నచ్చలేదు కానీ పుస్తకం బయటికి రావాలి కదా.

అతను మురీలు నమలడం ఆపాడు. "సిగ్గైతే నవ్వీసి ఒగ్గీదునప్పా. ఆ కవితలో నా పేరు తీసీసి ఎవుడి పేరెట్టినా సరిపోద్ది. మా ఫోర్‌మేన్ పేరెట్టినా సరిపోద్ది. మరందులో నానెక్కడున్నాను?"

ఈ మాట నేను పాతికేళ్ళు పాఠం చెప్పినా ఇంత పొట్టిగా చెప్పలేను. అతను పొట్లం అడుగున మిగిలిన మురీలు ఏరుకుంటూ మళ్ళీ అన్నాడు.

"ఆడి పుస్తకంలో నా మీద కవితుండాలని నాకు మాత్రం ఉండదేటి?"

అక్కడితో నా తీర్పు మరీ కష్టమైపోయింది. ఒకరు ఇవ్వాలని, ఒకరు పుచ్చుకోవాలని ఇంత తపిస్తుంటే, మధ్యలో వాళ్ళు పెట్టుకున్న నియమం నిలబడి ఉంది. దాన్ని ఒక్కసారికి పక్కన పెట్టండి అంటే అయిపోతుంది. కానీ ఇంతకాలం ఒకరి దగ్గర ఒకరు కోయించుకున్న కవితలన్నిటికీ అన్యాయం చేసినట్టవుతుంది. నాకా సాయంత్రం చాలా కోపం వచ్చింది, కొరియా వాళ్ళ మీద.

పెందుర్తిలో అంబలి

ఆ రాత్రి నాయుడింట్లోనే ఉన్నాను. పొద్దున్నే వరలక్ష్మి చోడి అంబలి ఇచ్చింది. మేం తైదలనే రాగి గింజని ఇక్కడ చోళ్ళంటారు. పేరు మారింది గానీ, పక్కన ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగడం మాత్రం అదే. మీ అంబలి మా అంబలి కంటే పుల్లగా ఉందన్నాను. అయితే మీది పులవలేదన్నమాట అంది.

ఆవిడ ద్వారానే కాలువ సంగతి తెలిసింది. వీళ్ళకి సబ్బవరం దగ్గర కొద్దిగా పొలముంది, కూరగాయలు పండిస్తారు. బోరు నీళ్ళు పోవడానికి తిన్నగా ఒక కాలువ ఉండేది. నా వ్యాసం చదివాక మొదటిసారి అందులోనే గిన్నెకి బదులు ఆకు దొప్ప వదిలారట. బోరు జోరుకి అది కవి ఇంకా గొంతు సవరించుకుంటుండగానే దూసుకుపోయింది. ఆ రోజు అందరూ ఓడిపోయారు. తర్వాతి సెలవు రోజున నాయుడు పత్రికలోని బొమ్మ ముందు పెట్టుకుని, పలుగూ పారా పట్టుకుని, వంకరలతో కొత్త కాలువ తవ్వాడు. "వొదినగారూ, సగం నీరు ఆ ఒంకరల్లోనే ఇంకిపోతాది. నా వంగతోటకి రాదు. ఆ బొమ్మేసినోళ్ళు దొరికితే అడుగుదామనుకున్నాను" అంది. ఆ బొమ్మ వేయించింది నేనేనని చెప్పి, ఇంకో గ్లాసు అంబలి తాగాను.

జరిమానా ఏర్పాటు కూడా ఆవిడదే. కొరియాలో మద్యం తాగితే తాగారు, నా పొలంలో కుదరదంది. ఓడినవాళ్ళకి కాకరకాయ రసం. గెలిచినవాళ్ళకి దొప్పలో పెట్టి పంపే అనకాపల్లి బెల్లం ముక్క.

వంకర కాలువ

అది మూడో రోజు, ఆదివారం. సబ్బవరం వెళ్ళే ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఏ ఊరు, ఎవరింటికి అని మొదలుపెట్టి, కవితల తగువు తీర్చడానికి వచ్చానని నా నోటే రాబట్టాడు. దారి పొడుగునా దాని గురించే ఆలోచించినట్టున్నాడు, దిగేముందు అడిగాడు. "మరి మీ కరుసులు ఓడినోళ్ళిత్తారా, గెలిసినోళ్ళిత్తారా?" ఈ ప్రశ్న ముందే వేసుకుని ఉండాల్సింది నేను.

పొలం చిన్నదే. ఒక పక్క వంగ, బెండ. దూరంగా పరవాడ వైపు పొగగొట్టాలు. మధ్యలో నా వ్యాసంలోని బొమ్మ, మట్టిలో, నిజంగా! రాయి లేదు, చెక్కడం లేదు గానీ ఆ వంకర అదే. నాకు ఒక్కసారిగా కళ్ళు చెమర్చాయి. రాసినదాన్ని ఎవరైనా చదివితేనే సంతోషపడే బాపతు మేము, ఇక్కడ ఒక మనిషి దాన్ని పలుగుతో తవ్వి పెట్టాడు.

ఆ సంతోషంలో ముందుకి నడిచి గట్టు మీద కాలు జారాను. నేను నిలదొక్కుకున్నాను గానీ నా చెప్పు నీళ్ళలో పడి తేలుతూ పోయింది. నూకరాజు దాని వెనక పరిగెత్తకుండా, అప్పా, చెప్పు మలుపు చేరేలోపు ఒక పద్యం చెప్పు, లేకపోతే ఓడినట్టే అన్నాడు. నేను తిట్లు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను. మొదటి గ్లాసు అలా తాగాను. కాకరకాయని వరలక్ష్మి ఏమాత్రం మొహమాటం లేకుండా పిండింది.

ఆట మొదలైంది. పైన బోరు దగ్గర వరలక్ష్మి కూర్చుని అడ్డాకు దొప్ప వదులుతుంది. నాయుడు మొదటి వంకర దగ్గర, నూకరాజు పెద్ద మలుపు దాటాక, నేను చివర. నాయుడు రెండుసార్లు గెలిచి బెల్లం తిన్నాడు. నూకరాజు వంతు వచ్చేసరికి దొప్ప ఎప్పటిలాగే పెద్ద మలుపు దగ్గర ఆగిపోయి, ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చేత్తో తోయకూడదని రూలు. వంతు వచ్చినవాడు అంతసేపూ దాన్నే చూస్తూ కూర్చోవాలి. కాసేపు చూసి నూకరాజు చిరాకుపడ్డాడు. రెండు రోజులుగా కడుపులో పెట్టుకున్నదంతా ఆ మలుపు మీదికి మళ్ళింది.

"ఎన్ని మాట్లు సెప్పాను బావా? నీరు ఒంపు తిరిగేకాడ బయటి గట్టుని కోసుకుంటాది, లోపలి గట్టు కాడ మట్టేస్తాది. నువ్వు బొమ్మని సూసి తవ్వినావు. నీరుని సూసి తవ్వనేదు."

నాయుడు బెల్లం చప్పరించడం ఆపాడు.

"మరి నువ్వు నన్ను సూసి రాసినావేటి?"

గొంతు పెంచలేదు. నవ్వుతూనే అన్నట్టున్నాడు. నేను రైల్లో తయారుచేసుకున్న తీర్పు, రెండు పక్షాలనీ బుజ్జగించే పొడుగాటి తీర్పు, నాలిక చివర దాకా వచ్చింది. చెప్పబోయి నూకరాజు మొహం చూసి ఊరుకున్నాను. అతను నాయుణ్ణి చూస్తున్నాడు. మోకాళ్ళ దాకా మట్టి, పొడుగు చేతుల చొక్కా, జేబులో మడత నలగని రుమాలు, బుగ్గలో బెల్లం. తర్వాత మలుపుని చూశాడు. దొప్ప ఇంకా అక్కడే తిరుగుతోంది. అతని పెదవులు కదలడం మొదలైంది.

కాసేపటికి, పక్కనున్న మనిషికి చెప్పినట్టే చెప్పాడు.

బొమ్మ సూసి కాలవ తవ్వినాడు మా బావ.
ఉక్కు దిమ్మల్ని గాల్లో నడిపించినోడు
అడ్డాకు దొప్పని మలుపు దాటించనేడు.
ఆడు తప్పు తవ్వినకాడే ఆగింది దొప్ప.
ఆగినంతసేపూ నాకు మాటలొచ్చినాయి.
సావాసమంటే అదే కాబోలు.

ముందు నవ్వింది వరలక్ష్మి. ఇంతకాలానికి తన వంగతోట తరఫున ఎవరో మాట్లాడినట్టనిపించిందట. నాయుడు నవ్వలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాక, రాసి ఇవ్వమన్నాడు. నూకరాజు జేబులో ఉన్న కాగితం ఒక్కటే, 'మా బావ'. దాన్ని తిరగేసి, వెనక వైపు తెల్లటి చోట మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

నాయుడు కాగితం అందుకుని, చదివి, బొటనవేలు కాలువ నీళ్ళలో ముంచి, వరలక్ష్మి వెంట తెచ్చిన భరిణెలోని కుంకుమలో అద్దాడు. మొదటి పంక్తి పక్కన బొట్టు పెట్టాడు. రెండోదానికి, మూడోదానికి పెట్టాడు. నాలుగోదానికి, ఐదోదానికి పెట్టిన బొట్లు వంకరగా పడ్డాయి. ఆరో పంక్తి దగ్గర వేలు ఆగిపోయింది.

"సివరిది తీసీ బావా" అన్నాడు. "దొప్ప ఆగిందని సెప్పినావు కదా. ఇంకెందుకు?"

ఇంకో తగువు మొదలైందిరా దేవుడా అనుకున్నాను నేను. నూకరాజు కాగితం తీసుకుని ఆ పంక్తినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పెన్ను తీసి దాని మీద అడ్డంగా గీత గీశాడు. గీసి, నా బెల్లం ఏది అని అడిగాడు.

నాయుడు లేచి మలుపు దగ్గరికెళ్ళి, రూలు సంగతి మర్చిపోయి, దొప్పలోంచి బెల్లం ముక్క తీసి అతని నోట్లో పెట్టాడు. పెట్టిన చేతిని వెంటనే వెనక్కి తీసుకోలేదు, అతని భుజం మీద వేసి ఉంచాడు. నూకరాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బెల్లంలో ఇసుక తగిలిందన్నాడు.

అంత దూరం నుంచి తీర్పు కోసం పిలిపించిన వాళ్ళు నన్ను ఒక్క మాటైనా అడగలేదు. నాకంటూ ఒక అభిప్రాయం ఉందని గుర్తుచేద్దామని నోరు తెరిచేలోపు, బరువు తగ్గిన దొప్ప మలుపు తప్పించుకుని నా ముందుకొచ్చి నిలబడింది. నా వంతు వచ్చిన సంగతే నేను చూసుకోలేదు. వరలక్ష్మి అప్పటికే రెండో గ్లాసు నింపుకుని గట్టు మీద నడిచి వస్తోంది.

పుస్తకం వచ్చింది

నాయుడు రిటైరైన వారానికి నాకు పార్సిలు అందింది. ఆ రోజు ఫ్యాక్టరీ గేటు బయట దండలతో నిలబడ్డ నాయుడి చేతిలో నూకరాజు పుస్తకం పెట్టాడని, నాయుడు అందరి ముందూ ఆ పేజీ తీసి చదివాడని వరలక్ష్మి ఫోన్‌లో చెప్పింది. వంగతోటకి వేరే గొట్టం వేయించాడని, వంకర కాలువ మాత్రం పూడ్చనివ్వడం లేదని కూడా చెప్పింది.

ఆ పేజీలో ఐదు పంక్తులున్నాయి. అచ్చులో ఎర్ర రంగుకి వేరే ఖర్చవుతుందని, బొట్టు ప్రతి కాపీలోనూ వరలక్ష్మే తన చేత్తో పెట్టిందట. నా కాపీలో అది కొంచెం చెదిరి ఎదుటి పేజీకి కూడా అంటుకుంది. ఆరో పంక్తి నాకు గుర్తుంది. నా చేతికే ఏరమని ఇచ్చి ఉంటే, మిగతావి కొట్టేసైనా సరే దాన్ని ఉంచి, కింద గీత గీసి ఉండేదాన్ని. నాయుడు ఎందుకు తీయించాడో ఇప్పుడు ఆ పేజీ చదువుతుంటే తెలుస్తోంది.

ఈ కథనం చివర ఆ స్నేహం గురించి నేనొక మంచి వాక్యం రాశాను. అచ్చుకి పంపేముందు నాయుడికి ఫోన్‌లో చదివి వినిపించాను. అది తీసీ అప్పా అన్నాడు. తీసేశాను.